ఓర్పు ఎవరి వ్రతం?

హైదరాబాద్ అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక వీధులన్నీ హాస్టళ్లే. సాయంత్రం ఏడు దాటాక అక్కడ ఏ మెడికల్ షాపు ముందు నిలబడినా కుర్రకారు ఒంటినొప్పుల చిట్టా అంతా వినొచ్చు. "అన్నా, తలనొప్పికి ఏదన్నా ఇవ్వు." "నడుం పట్టేసింది, స్ప్రే ఉందా?" "కడుపునొప్పి బిళ్ళలు రెండు." ఈ చివరిది మాత్రం ఎప్పుడూ గొంతు తగ్గించే అడుగుతారు. షాపతను మారు మాట్లాడడు. స్ట్రిప్ తీసి, కత్తెరతో రెండు బిళ్ళలు కత్తిరించి, కాగితం కవర్లో వేసి ఇస్తాడు. మందు పేరులో సగం ఆ ముక్క మీద ఉంటుంది, గడువు తేదీ షాపులో మిగిలిన ముక్క మీద ఉండిపోతుంది. బిళ్ళలు కొనుక్కున్న అమ్మాయి ఫోన్లో ఆ సంగతి ఇంటికి చెబితే, చాలా ఇళ్ల నుంచి వచ్చే జవాబు ఒకటే: "ప్రతిదానికీ బిళ్ళలేంటే, అలవాటైపోతాయి. కాస్త ఓర్చుకో."

ఆ రెండు మాటల వెనక ఎంత తత్వశాస్త్రం పోగుపడి ఉందో అన్నవాళ్లకీ తెలియదు, విన్నవాళ్లకీ తెలియదు.

నొప్పిని సున్నా నుంచి పది దాకా అంకెల్లో చెప్పమని డాక్టర్లు అడుగుతారు. నాలుగు నుంచి ఆరు దాకా చెబితే దాన్ని ఓ మోస్తరు నొప్పి కింద లెక్కేస్తారు. పని చేసుకోవచ్చు గానీ మనసు పెట్టలేరు. నిద్ర పడుతుంది గానీ మధ్యలో తెగుతుంది. ధర్మసందేహాలన్నీ పుట్టేది ఈ నడిమి అంకెల్లోనే. కిడ్నీలో రాయి కదిలి గిలగిల్లాడేవాడికి వేదాంతం చెప్పే సాహసం ఎవరూ చేయరు, ముందు ఆస్పత్రికి ఆటో పిలుస్తారు. చీమ కుట్టినవాడికీ వేదాంతం అక్కర్లేదు. భరించనూ వచ్చు, మందు వేసుకోనూ వచ్చు అన్నచోటే ఏది సబబు అన్న ప్రశ్న మొదలవుతుంది. పైగా ఇరవైల్లో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కుంది. ఒళ్లు గట్టిగా కనిపిస్తుంది కాబట్టి వాళ్ల నొప్పిని ఎవరూ నమ్మరు. డెబ్బై ఏళ్లాయన మోకాలు పట్టుకుంటే బస్సులో సీటిస్తారు. ఇరవై రెండేళ్ల పిల్ల పొత్తికడుపు పట్టుకుంటే "ఈ వయసులో నీకేం నొప్పులే" అంటారు.

నొప్పిని అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం 1979లో ఇచ్చిన నిర్వచనాన్ని 2020లో సవరించింది. నొప్పి ఎప్పుడూ ఆ మనిషి సొంత అనుభవమేననీ, నొప్పిగా ఉందని ఒక మనిషి చెబితే ఆ మాటకు విలువివ్వాలనీ ఆ సవరణకు జోడించిన వివరణలు చెబుతాయి. స్కానింగ్‌లో ఏమీ కనపడలేదు కాబట్టి నొప్పి లేదు అనడానికి వీల్లేదన్నమాట. డాక్టర్లు ఈ మాట రాసుకోవడానికి ఇన్నాళ్లు పట్టింది. ధర్మగ్రంథాలు మాత్రం, సరిగ్గా చదివితే, నొప్పి సొంతదారు ఎవరన్న విషయంలో మొదటి నుంచీ స్పష్టంగానే ఉన్నాయి. సరిగ్గా చదవకపోవడమే మన ఇళ్లలో జరిగింది.

ఓర్చుకోవడాన్ని వేదాంతులు తితిక్ష అన్నారు. చలీ వేడీ, సుఖదుఃఖాలూ వచ్చిపోయేవి, వాటిని సహించమని గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుడికి చెప్పాడు. శంకరాచార్యులదని చెప్పే వివేకచూడామణి ఇంకా ముందుకు వెళ్లింది. వచ్చిన దుఃఖాలన్నిటినీ విరుగుడు వెతక్కుండా, చింతా విలాపమూ లేకుండా సహించడమే తితిక్ష అని దాని నిర్వచనం. విరుగుడు వెతక్కుండా అని ఆ గ్రంథమే అంటోంది కదా, ఇక బిళ్ళ వేసుకోవడం తప్పేగా అని ఎవరైనా అడగొచ్చు.

అయితే ఆ మాట ఎవరితో అన్నారో కూడా అక్కడే ఉంది. వివేకం, వైరాగ్యం కలిగి, మోక్షం తప్ప మరేదీ వద్దనుకుని గురువు దగ్గరికి వచ్చిన సాధకుడికి ఉండాల్సిన ఆరు సంపదల్లో తితిక్ష ఒకటి. అధికారి, అంటే అర్హుడు, ఎవరో తేల్చకుండా మన సంప్రదాయంలో ఏ సాధననూ ఉపదేశించరు. మర్నాడు పొద్దున గ్రూప్స్ పరీక్ష రాయాల్సిన అమ్మాయి మోక్షార్థిగా పేరు నమోదు చేసుకోలేదు. నిర్వచనంలో రెండో సగాన్ని కూడా మనవాళ్లు వదిలేశారు. చింత లేకుండా, విలాపం లేకుండా సహించాలి. బిళ్ళ మానేసి, పళ్ల బిగువున రోజంతా లోలోపల ఏడుస్తూ గడిపితే ఆ గ్రంథం లెక్కలో అది తితిక్షే కాదు. గీత పదిహేడో అధ్యాయం శాస్త్రం చెప్పని ఘోర తపస్సులతో ఒంటిని హింసించుకునేవారిని మెచ్చుకోదు, అసుర స్వభావులంటుంది. ఏకాదశి ఉపవాసం ఉన్నావిడకు పుణ్యం దక్కుతుందేమో గానీ, పక్కవాడి ముందున్న కంచం లాగేసి "నీచేత ఉపవాసం చేయించాను" అంటే దాన్ని వ్రతమనరు. ఓర్పు సంగతీ అంతే.

ఈ విషయంలో రమణ మహర్షి చివరి రోజులు గమనించదగ్గవి. 1949 తొలినాళ్లలో ఆయన ఎడమ మోచేతి దగ్గర లేచిన చిన్న గడ్డ సార్కోమా అని తేలింది. కోసి తీసేసినా మళ్లీ మళ్లీ వచ్చింది. చెయ్యి తీసేద్దామని డాక్టర్లు అంటే ఆయన ఒప్పుకోలేదు. ఆపరేషన్లను మాత్రం వద్దనలేదు. అల్లోపతీ, హోమియోపతీ, ఆయుర్వేదమూ ఎవరు ఏది తెస్తే దాన్ని భక్తుల తృప్తి కోసం సాగనిచ్చారు. 1950 ఏప్రిల్ 14న దేహం విడిచారు. ఆశ్రమ జీవితాన్ని తెలుగులో లేఖలుగా రాసిన సూరి నాగమ్మ గారి వల్ల ఆయన దినచర్య మన పాఠకులకు బాగా పరిచయమే. దేహం నేను కాదన్న మాటను జీవితమంతా చెప్పిన మనిషి. ఓర్చుకోండని బోధించే అర్హత ఆయనకు కాక ఇంకెవరికుంటుంది? అలాంటాయన చికిత్సను అధర్మమనలేదు. ఏది సాగనివ్వాలో, ఏది వద్దో తేల్చుకున్నదీ ఆయనే.

మరి కర్మ? "ఏ జన్మలో ఏం చేశామో" అన్న మాట మన ఊళ్లలో నొప్పి పక్కనే తిరుగుతుంది. నొప్పి పూర్వకర్మ ఫలమైతే బిళ్ళ వేసుకోవడమంటే అప్పు ఎగ్గొట్టడమే కదా అన్న వాదన పాతదే. బుద్ధుడి దగ్గరికి రాజగృహం వెదురువనంలో మోళియ సీవకుడనే పరివ్రాజకుడు ఇదే ప్రశ్నతో వచ్చినట్టు సంయుత్త నికాయం చెబుతుంది. మనిషి అనుభవించే ప్రతి వేదనా పూర్వకర్మ వల్లనే అంటున్నారు కొందరు, మీరేమంటారు అని అతను అడిగాడు. బుద్ధుడు ఎనిమిది కారణాలు లెక్కపెట్టాడు. పిత్తం, కఫం, వాతం, మూడూ కలిసి చెడటం, రుతువు మారడం, ఒంటిని సరిగ్గా చూసుకోకపోవడం, బయటి దెబ్బ. కర్మఫలం ఎనిమిదోది మాత్రమే. అన్నిటినీ కర్మ మీదికి తోసేవాళ్లు తాము స్వయంగా చూస్తున్నదాన్నీ, లోకమంతా ఒప్పుకున్నదాన్నీ దాటిపోతున్నారని ఆయన జవాబు.

చరకుడి దారి ఇంకా సూటిగా ఉంటుంది. చరకసంహిత విమానస్థానం మూడో అధ్యాయంలో ఆయుష్షు ముందే నిర్ణయమైపోయి ఉంటుందా అని అగ్నివేశుడు ఆత్రేయుణ్ని అడుగుతాడు. దైవమూ, పురుషకారమూ రెండూ ఉన్నాయి, బలమైనది బలహీనమైనదాన్ని నెట్టేస్తుంది అంటాడు గురువు. అంతా ముందే నిర్ణయమైతే మంత్రాలూ మూలికలూ ఎందుకు, మదపుటేనుగు ఎదురొస్తే పక్కకు తప్పుకోవడం మాత్రం ఎందుకు అన్న ధోరణిలో సాగుతుంది ఆ సమాధానం. వైద్యం చేసేవాడు కర్మవాదిని ఇంతకంటే మర్యాదగా పక్కన పెట్టలేడు.

ఇది హిందువుల ఇళ్లలోని గొడవ మాత్రమే కాదు. 1847 నవంబరులో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాం వాడకం మొదలుపెట్టినప్పుడు, వేదనతో కనమని బైబిలు హవ్వకు చెప్పింది కదా, ప్రసవ వేదన తీయడం దైవధిక్కారం కాదా అన్న ప్రశ్న లేచింది. సింప్సన్ డిసెంబరులోనే ఒక కరపత్రం అచ్చేశాడు. ఆదాము పక్కటెముక తీసేముందు దేవుడే అతన్ని గాఢనిద్రలోకి పంపాడు కదా అన్నది ఆయన ఎత్తుగడ. నిజానికి చర్చి నుంచి వచ్చిన వ్యతిరేకత తర్వాత కథలు కథలుగా చెప్పుకున్నంత పెద్దదేమీ కాదని చరిత్రకారులు తేల్చారు. 1853లో విక్టోరియా రాణి లియోపోల్డ్‌ను కన్నప్పుడు జాన్ స్నో చేత క్లోరోఫాం పట్టించుకున్నాక ఉన్న కాస్త గోలా అణగిపోయింది.

క్లోరోఫాం కథలో పెద్ద అధ్యాయం ఒకటి హైదరాబాద్‌లోనే నడిచింది. ఇక్కడి రెసిడెన్సీ సర్జన్, వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ చొరవతో, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బుతో 1888లో ఒకటి, 1889లో మరొకటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు ఏర్పడ్డాయి. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందల జంతువుల మీద పరీక్షలు చేసి, క్లోరోఫాం గుండెను నేరుగా ఆపదు, శ్వాసను కనిపెట్టుకుంటే చాలు అని తేల్చారు. ఆ తీర్పు పూర్తిగా సరికాదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాడు. ఆ వైద్య పాఠశాలలోనే చదివి, లారీ దగ్గర పనిచేసిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలో మొదటి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా చెప్పుకుంటారు. నొప్పి తీయడం పాపమా పుణ్యమా అని మరోచోట వాదించుకున్న కొన్ని దశాబ్దాలకు ఒక ముస్లిం ప్రభువు, ఒక క్రైస్తవ సర్జను, ఒక పార్సీ డాక్టరు ఈ ఊళ్లో కూర్చుని దాన్ని ఎంత జాగ్రత్తగా తీయొచ్చో చూస్తున్నారు.

కాథలిక్కులకు స్పష్టమైన జవాబు దొరకడానికి క్లోరోఫాం వచ్చాక శతాబ్దానికి పైగా పట్టింది. నొప్పిని మందుతో తీసుకోకుండా విశ్వాసంతో భరించాల్సిన నైతిక బాధ్యత మనిషికి ఉందా అని ఇటలీ మత్తు వైద్యులు పోప్ పన్నెండో పయస్‌ను అడిగారు. 1957 ఫిబ్రవరి 24న ఆయన సమాధానమిచ్చాడు. అలాంటి బాధ్యతేమీ లేదు. తనకు తానుగా భరించాలనుకునేవారి త్యాగం గొప్పదే గానీ, దాన్ని అందరికీ విధిగా చేయలేం. ఇస్లాంలో ఇదే సంగతి ఇంకా కళ్లకు కట్టేలా ఉంటుంది. రోగానికి వైద్యం చేయించుకోమన్న హదీసులూ ఉన్నాయి, ముల్లు గుచ్చుకున్న బాధ కూడా పాపాలను కడుగుతుందన్న హదీసులూ ఉన్నాయి. సహీ బుఖారీలో మూర్ఛరోగంతో బాధపడుతూ ప్రవక్త దగ్గరికి వచ్చిన ఒక స్త్రీ ఉదంతముంది. ఓర్చుకుంటే స్వర్గం దక్కుతుంది, కాదంటే నయం కావాలని దేవుణ్ని వేడుకుంటాను, ఏది కావాలో చెప్పమన్నాడాయన. ఆమె ఓర్పునే కోరుకుంది. మూర్ఛ వచ్చినప్పుడు ఒంటి మీద బట్ట తొలగకుండా ఉండేలా మాత్రం ప్రార్థించమంది. ఆ కథ చెప్పేవాళ్లు ఓర్పును పొగిడి ఊరుకుంటారు. ముందు ఆమెను అడిగారన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

మన ఇళ్లలో ఆ అడగడమే కరువు. నెలసరి నొప్పి అందుకు మంచి రుజువు. "పెళ్లయితే పోతుంది", "ఒక కాన్పయితే అదే సర్దుకుంటుంది" అని పద్దెనిమిదేళ్ల పిల్లకు చెప్పి పంపేస్తారు. అంటే ఐదారేళ్ల పాటు నెలకు రెండు మూడు రోజులు పోయినట్టే. ఆ రోజుల్లో పూజగదిలోకి రానివ్వని ఇళ్లున్నాయి, వంటింట్లోకి రానివ్వని ఇళ్లూ ఉన్నాయి. అంటు విషయంలో అంత నిష్ఠ చూపించేవాళ్లు నొప్పి విషయంలో "అందరికీ ఉండేదేగా" అనేస్తారు. ఆడపిల్లకు భూదేవంత ఓర్పు ఉండాలన్న పొగడ్త మోసేవాళ్ల మీద బరువే తప్ప, పొగిడేవాళ్లకు ఖర్చేమీ లేదు.

ఆ నొప్పి పుట్టే తీరు తెలిస్తే సగం తర్కం దానంతటదే కూలిపోతుంది. నెలసరి ముందు గర్భాశయపు లోపలి పొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పెరుగుతాయి. అవి గర్భాశయ కండరాన్ని పదేపదే బిగిస్తాయి. బిగిసిన కండరానికి రక్తం సరిగ్గా అందదు, అందుకే నొప్పి. ఐబూప్రొఫెన్, మెఫెనమిక్ ఆమ్లం, నాప్రోక్సెన్ లాంటి మందులు ఈ రసాయనాల తయారీనే అడ్డుకుంటాయి. ఆస్పిరిన్ తరహా మందులు పనిచేసే ఈ పద్ధతిని 1971లో కనిపెట్టిన జాన్ వేన్‌కు 1982లో నోబెల్ బహుమతి వచ్చింది. కాబట్టి ఈ మందుకు వేళ ముఖ్యం. "ఆగలేనంత అయినప్పుడే వేసుకుంటాను" అని పంతం పట్టినవాళ్లకు అది సరిగ్గా పనిచేయదు. అప్పటికే రసాయనం తయారైపోయి ఉంటుంది. నొప్పి మొదలవుతుండగానే, తేదీలు కచ్చితంగా తెలిసినవాళ్లయితే ముందురోజు నుంచే, ఏదైనా తిన్నాక వేసుకోమని డాక్టర్లు చెప్పేది అందుకే. ఓర్చుకుని ఓర్చుకుని చివర్లో బిళ్ళ మింగే అలవాటు వల్ల ఓర్పూ దక్కదు, ఉపశమనమూ దక్కదు.

"అలవాటైపోతాయి" అన్న భయం సంగతేమిటి? నెలకు రెండు రోజులు వేసుకునే ఈ రకం మందులు నల్లమందులా మనిషిని బానిసను చేయవు. వీటి ప్రమాదాలు వేరు. ఖాళీ కడుపుతో వేసుకుంటే పేగు పూత, ఎక్కువ కాలం వాడితే కిడ్నీల మీద భారం, కొందరు ఉబ్బసం రోగుల్లో ఆయాసం. మన మెడికల్ షాపుల్లో నెలసరికి ఎక్కువగా అమ్ముడుపోయేది మెఫెనమిక్ ఆమ్లం, డైసైక్లోమిన్ కలిపిన మాత్ర. మెఫెనమిక్ ఆమ్లం వల్ల అరుదుగా ఒళ్లంతా దద్దుర్లు, జ్వరం, లోపలి అవయవాల వాపుతో తీవ్రమైన ఎలర్జీ రావచ్చని భారత ఔషధ ప్రమాణాల సంస్థ 2023 నవంబరు 30న హెచ్చరిక జారీ చేసింది. అలాంటి హెచ్చరిక వచ్చిందని మందు మానేయనక్కర్లేదు, దద్దురు కనిపిస్తే ఆపి డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. వేడినీళ్ల సంచినీ తక్కువ చేయకూడదు. పొత్తికడుపు మీద గంటల తరబడి సన్నని వేడి ఇచ్చే పట్టీ 400 మిల్లీగ్రాముల ఐబూప్రొఫెన్‌కు దీటుగా నిలిచిందని 2001లో అచ్చయిన ఒక పరీక్ష తేల్చింది. మన అమ్మమ్మల కాపడానికి శాస్త్రం ఇంత ఆలస్యంగా సర్టిఫికెట్ ఇచ్చింది. ఇవేవీ పనిచేయకపోతే హార్మోన్ మాత్రలు ఉన్నాయి. పెళ్లికాని పిల్లకు గర్భనిరోధక మాత్ర రాసిస్తే మందుల చీటీ చూసి ఇంట్లో ఏమంటారోనన్న భయంతో అక్కడ మళ్లీ నీతి అడ్డం వస్తుంది. గర్భాశయ కండరానికి ఈ నీతితో పనిలేదు.

ఇంతదాకా చెప్పింది చూసి, నొప్పంటే బిళ్ళే జవాబు అనుకుంటే ఇంకో గోతిలో పడతారు. హైటెక్ సిటీలో పన్నెండు గంటలు కుర్చీలో కూర్చునే పాతికేళ్ల కుర్రాడి నడుము సంగతి చూడండి. ఊళ్లోనైతే ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి డైక్లోఫెనాక్ సూది వేయించుకుంటాడు. సిటీలోనైతే యాప్‌లో ఆర్డర్ పెడతాడు. ఒక్క పూట కూడా ఆగడు. ఆస్ట్రేలియాలో 1,600 మందికి పైగా నడుంనొప్పి రోగుల మీద పరీక్షించి, పారాసిటమాల్ వేసుకున్నవాళ్లు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల కంటే త్వరగా కోలుకోలేదని 2014లో లాన్సెట్‌లో ప్రచురించారు. 2023లో అక్కడివారే 347 మంది మీద నల్లమందు జాతి మందును పరీక్షించి చూశారు. అదీ ఉత్తుత్తి మాత్రను దాటలేదు. ఆ జాతిదే అయిన ట్రమడాల్ దుర్వినియోగం చూసి మన ప్రభుత్వం 2018లో దాన్ని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది. ఓ మోస్తరు నొప్పి ఉన్న కుర్రవాళ్లు తమంతట తాము దాని జోలికి వెళ్లాల్సిన పని లేదు.

కొత్తగా పట్టేసిన నడుము చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే దారికొస్తుంది. మంచం పట్టకుండా తిరుగుతూ ఉండటం, వ్యాయామం, అవసరమైతే కొద్దిరోజులు ఐబూప్రొఫెన్ లాంటిది. బ్రిటన్ వైద్య ప్రమాణాల సంస్థ 2016లో చెప్పిందీ దాదాపు ఇదే. ఇక్కడ ఓర్పు మళ్లీ సభలోకి వస్తుంది, అయితే వేరే వేషంలో. ఫిజియోథెరపిస్టు చెప్పిన కసరత్తు చేస్తుంటే మొదటి వారం నొప్పి పుడుతుంది. ఆ నొప్పి హాని కాదని నమ్మి కొనసాగించాలి. అది విరుగుడు వెతక్కుండా సహించడం కాదు, విరుగుడు కోసమే సహించడం. వేదాంతులు దీనికి పేరు పెట్టలేదు గానీ, పాతికేళ్ల నడుముకు పనికొచ్చేది ఈ రకం తితిక్షే.

తలనొప్పి దగ్గర లెక్క ఇంకా విచిత్రంగా తిరుగుతుంది. మైగ్రేన్ ఉన్నవాళ్లు నెలలో పదిహేను రోజులు, అంతకు మించి మామూలు నొప్పి బిళ్ళలు వేసుకుంటూ పోతే ఆ బిళ్ళలే తలనొప్పిని తెచ్చిపెడతాయి. మందులు కలిపిన మాత్రలకైతే పది రోజులు చాలు. పారాసిటమాల్ మెతకదని అందరికీ ధీమా. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాని గరిష్ఠ హద్దు. 650 మాత్రలు ఆరంటే హద్దుకు ఆనుకున్నట్టే. జలుబు బిళ్ళలోనూ అదే మందు దాగి ఉంటుంది, పైన మద్యం కూడా ఉంటే కాలేయం లెక్క తప్పుతుంది. వానాకాలంలో మన రెండు రాష్ట్రాల్లోనూ డెంగ్యూ మామూలైపోయింది. జ్వరంతో ఒళ్లు నొప్పులు వచ్చినప్పుడు ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ రక్తస్రావం ముప్పును పెంచుతాయి. అప్పుడు పారాసిటమాల్ తప్ప వేరేది ముట్టుకోకూడదు. ఒకే ఒంటినొప్పికి నిన్న సరైన మందు నేడు ప్రమాదమవుతుందంటే కారణమే తేడా. సీవకుడికి బుద్ధుడు ఎనిమిది కారణాలు లెక్కపెట్టి చెప్పడంలో ఉన్న వైద్యజ్ఞానం ఇక్కడ పనికొస్తుంది.

బుద్ధుడే చెప్పిన రెండు బాణాల ఉపమానాన్ని ఈమధ్య అందరూ వాడేస్తున్నారు. ఒంటికి తగిలేది మొదటి బాణం, దాని గురించి మనసు పడే యాతన రెండోది, తెలిసినవాడికి ఒక్కటే తగులుతుంది. 1979లో మసాచుసెట్స్‌లో జాన్ కబాట్-జిన్ బౌద్ధుల ధ్యానాన్ని ఆస్పత్రిలోకి తెచ్చాడు. 2016లో అమెరికాలో 20 నుంచి 70 ఏళ్ల మధ్యనున్న 342 మంది దీర్ఘకాలిక నడుంనొప్పి రోగుల మీద దాన్ని పరీక్షించారు. ఆరు నెలలకు ధ్యానం నేర్చుకున్నవాళ్లలో దాదాపు 44 శాతం మందికి నొప్పి పెట్టే ఇబ్బంది చెప్పుకోదగ్గంత తగ్గింది. మామూలు వైద్యంతో సరిపెట్టుకున్నవాళ్లలో 27 శాతం మందికి తగ్గింది. మహిమేమీ లేదు, అబద్ధమూ కాదు. మనోవైద్యుల సంభాషణా చికిత్స కూడా అదే పరీక్షలో అంతే ఫలితమిచ్చింది. ధ్యానం అమ్మేవాళ్లు ఈ రెండో మాట చెప్పరు. మొదటి బాణాన్ని పీకొద్దని బుద్ధుడు ఎక్కడా అనలేదన్న సంగతీ చెప్పరు. భిక్షువులకు మందులు ఏవి, ఎప్పుడు అన్నదానికి వినయపిటకంలో ఒక అధ్యాయమే ఉంది.

నమ్మకం కూడా మందేనా? లిస్బన్‌లో 2016లో దీర్ఘకాలిక నడుంనొప్పి ఉన్నవాళ్లకు ఇది ఉత్తుత్తి మాత్ర అని ముందే చెప్పి ఇచ్చారు. అయినా మూడు వారాల్లో నొప్పి తగ్గింది. మోసం చేయకుండానే నమ్మకం పనిచేసిందంటే, విబూదికీ బామ్‌కూ మధ్య మనం గీసుకున్న గీత అనుకున్నంత గట్టిది కాదేమో. బామ్ అంటే తెలుగువాళ్లకు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారే గుర్తుకు రావాలి. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ లాభాలతో 1908లో ఆంధ్రపత్రికను స్థాపించారు. మెంథాల్ చర్మం మీద చల్లదనాన్ని పట్టుకునే నరాల్ని తట్టి లేపుతుంది, దాంతో కింది నొప్పి కబురు కాస్త వెనకబడుతుంది. అదీ దాని కిటుకు. ఆ పంతులు గారే భగవద్గీతకు తెలుగులో వ్యాఖ్యానం కూడా రాశారు. సుఖదుఃఖాలను సహించమన్న గ్రంథానికి వ్యాఖ్యానం, నొప్పికి అంజనం ఒకే చేతి మీదుగా వచ్చాయి. ఆయనకు అందులో తగాదా కనిపించినట్టు లేదు.

అలాగని నొప్పి తీయడమే ధర్మమని గుడ్డిగా నమ్మినా చిక్కులున్నాయి. పశువుల కీళ్లనొప్పులకు, వాపులకు మనవాళ్లు ఏళ్ల తరబడి డైక్లోఫెనాక్ సూదులు వేశారు. గోవును కోయకూడదనుకునే దేశంలో ముసలి ఆవుకు నొప్పి తగ్గించాలనుకోవడం భూతదయే. ఆ ఆవు చచ్చాక దాన్ని తిన్న రాబందులు కిడ్నీలు పాడై రాలిపోయాయి. కారణం ఈ మందేనని 2004లో తేలింది. 2006లో మన దేశం పశువులకు దాని వాడకాన్ని నిషేధించేనాటికి రాబందుల జాతులు కొన్ని పేరుకే మిగిలాయి. శవాలను రాబందులకు అప్పగించే పార్సీల అంత్యక్రియలే చిక్కులో పడ్డాయి. ఒక జీవి నొప్పి తీసిన మందు మరో జీవికి విషమై, మూడోవారి మతాచారాన్ని దెబ్బతీసిన ఈ గొలుసును ఏ ధర్మశాస్త్రమూ ఊహించలేదు.

సాంఖ్యకారిక మొదలయ్యేది నొప్పితోనే. మూడు రకాల దుఃఖం మనిషిని బాధిస్తోంది గనుక దాన్ని పోగొట్టే ఉపాయం గురించి జిజ్ఞాస పుడుతుందంటాడు ఈశ్వరకృష్ణుడు. వెంటనే ఒక ఆక్షేపణ వస్తుంది. ఒంటినొప్పికి వైద్యులూ మందులూ కంటికి కనిపిస్తూ ఉండగా ఈ జిజ్ఞాస ఎందుకు? ఆ మందులు తప్పకుండా పనిచేస్తాయన్న నమ్మకం లేదు, పనిచేసినా నొప్పి మళ్లీ రాదన్న హామీ లేదు, అందుకని అంటాడాయన. మందు వద్దని మాత్రం అనడు. ఆస్పత్రిలో ఈ తర్కం వేరే రూపంలో నడుస్తుంది. మూడు నుంచి ఆరు నెలలు సరైన వేళకు మందు వాడినా నెలసరి నొప్పి లొంగకపోతే, లేదా మిగతా రోజుల్లోనూ పొత్తికడుపులో మెలిపెడుతుంటే, స్త్రీవైద్య నిపుణులు బిళ్ళ మార్చి ఊరుకోరు. గర్భాశయపు పొర బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ ఉందేమోనని స్కానింగ్‌కూ, అవసరమైతే లాపరోస్కోపీకీ పంపుతారు. ఆ జబ్బు బయటపడటానికి చాలామందికి ఏళ్లు పడుతోంది. ఆలస్యంలో కొంత వైద్యులది, కొంత స్కానింగ్‌కు చిక్కని జబ్బు స్వభావానిది. మిగతాది "కాస్త ఓర్చుకో" అన్న మాటది.